వాళ్ళకివన్నీ మామూలే

ఆ ఇంట్లో పొద్దున్నే కుక్కరు కంటే ముందు అత్తగారి గొంతే కూత పెడుతుంది.

"ఒసేయ్ బుడంకాయా, కుడికాలి బూటు ఎడమకాలికి తొడిగితే బడి దగ్గరికొచ్చేస్తుందనుకున్నావా? విప్పు, విప్పు!"

మనవరాలు కిలకిలా నవ్వుతూ కాళ్ళు రెండూ గాల్లోకి ఎత్తింది. కోడలు పళ్ళ మధ్య క్లిప్పు పట్టుకుని, జుట్టు ముడేసుకుంటూ, పొయ్యి మీద పాలు పొంగకుండా ఓ కన్నేసి ఉంచింది. కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో ఆమెది ఉద్యోగం. ఆమె భర్త కాఫీ గ్లాసుతో కిటికీ దగ్గర నిలబడి, వాన పడుతుందా లేదా అని ఆకాశాన్ని తనిఖీ చేస్తున్నాడు. అతను ఊళ్ళోని మేడల్లో లిఫ్టులు తనిఖీ చేసే ఇంజినీరు. దేన్ని చూసినా ఎక్కడో లోపముందన్నట్టే చూస్తాడు.

ఈ పరాయి దేశానికొచ్చి ఇన్నేళ్ళయినా అతనికి ప్రపంచం రెండు ముక్కలే. ఒకటి మనవాళ్ళు, రెండోది ఇక్కడివాళ్ళు. ఎదుటి ఫ్లాటావిడ లిఫ్టులో పలకరించకపోతే, "ఇక్కడివాళ్ళింతే, పక్కింట్లో పిడుగు పడ్డా తలుపు తియ్యరు" అంటాడు. అదే ఆవిడ ఈ ఇంటి కోడలికి జ్వరమొచ్చినప్పుడు వేడి వేడి సూపు గిన్నెతో వస్తే, "ఆవిడొక్కతే వేరులే" అంటాడు. ఆవిడ వేరులే, ఈయన వేరులే అని అతను పక్కన పెట్టినవాళ్ళతో ఈపాటికి సగం వీధి నిండిపోతుంది.

అత్తగారు మనవరాలి బూట్లు సరిచేసి, నడుం పట్టుకుని లేచి నిలబడింది.

"మీ ఇద్దరికీ ఓ మాట చెప్పాలి. కూర్చోండి."

"టైమైపోతోందమ్మా."

"అయితే నిలబడే విను. నేను పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాను."

కొడుక్కి కాఫీ పొలమారింది. దగ్గుతూ, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "ఎవరికి పెళ్ళి?" అన్నాడు.

"నాకేరా."

"నానమ్మా, నేను కొత్త గౌను వేసుకోవచ్చా?" అంది బుడంకాయ.

ఎవరూ నవ్వలేదు. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

"ఎవరతను?" కొడుకు గొంతు మెల్లగా వచ్చింది.

"ట్రామాయన."

ఆ పేరు ఆ ఇంట్లో అందరికీ తెలుసు. దగ్గర్లోని లైబ్రరీలో మంగళవారం మంగళవారం 'మాటల బల్ల' అని పెడతారు. కొత్తగా వచ్చినవాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని, స్థానికులతో వాళ్ళ భాషలో మాట్లాడడం నేర్చుకుంటారు. బుడంకాయ టీచరు ఏం చెబుతోందో అర్థంకాక తల్లడిల్లిన అత్తగారు, ఓ రోజు తనంతట తనే వెళ్ళి ఆ బల్ల దగ్గర కూర్చుంది. ఏళ్ళ తరబడి బళ్ళో లెక్కలు చెప్పిన మనిషి. నేర్చుకోవడమంటే సిగ్గులేదు.

మొదటిరోజు ఆవిడ చేతిలో పెట్టిన పాఠంలో ఇలా ఉందట: 'మా దేశస్థులు సమయానికి చాలా విలువ ఇస్తారు. కొత్తవారితో తక్కువ మాట్లాడతారు.' ఆవిడ కూడబలుక్కుని ఆ వాక్యం చదువుతుండగానే ట్రామాయన ఆలస్యంగా, ఒగరుస్తూ వచ్చి పక్కన కూలబడ్డాడట. గంటసేపు గుక్క తిప్పుకోకుండా మాట్లాడాడట. ఉద్యోగంలో ఉన్నప్పుడు పరిగెత్తుకొచ్చే ప్రతివాళ్ళ కోసమూ ట్రాము ఆపి, ఊరంతటికీ ఆలస్యం చేసి, పైవాళ్ళతో చివాట్లు తిన్న డ్రైవరు ఆయన. చివరికి, "మీవైపు ఆడవాళ్ళు వంట అద్భుతంగా చేస్తారటగా?" అని అడిగాడు. "మావైపు సంగతేమో గానీ, నా చేతివంట ఒక్కసారి తిన్నవాళ్ళు మళ్ళీ అడగరు" అంది అత్తగారు. నిజమే. పొయ్యి దగ్గర నిలబడాలంటే ఆవిడకి ఒళ్ళుమంట. ఆ సంగతి ఇంటికొచ్చి చెబితే ఆ రోజు అందరూ పగలబడి నవ్వారు, కొడుకు కూడా.

ఇప్పుడు అతని మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అమ్మా, మనవాళ్ళు ఇలాంటివి చెయ్యరు."

"మనవాళ్ళంటే ఎవర్రా? వేళ్ళు మడిచి చెప్పు."

"అందరూ! ఇక్కడివాళ్ళకేం, వాళ్ళకివన్నీ మామూలే. ఆయనకి నువ్వు నాలుగోదానివో అయిదోదానివో..."

"రెండోదాన్ని. మొదటావిడ జబ్బు చేసి పోయింది. మంచాన పడ్డన్నాళ్ళూ ఆయనే చేశాడు. నోరు జాగ్రత్త."

అత్తగారు కోటు వేసుకుని, మనవరాలి చెయ్యి పట్టుకుని బడికి బయల్దేరింది. తలుపు దగ్గరికి వేసి వెళ్ళింది.

"నువ్వేం మాట్లాడవేం?" భర్త భార్య మీదికి తిరిగాడు.

"మాట్లాడ్డానికేముందండీ? ఆవిడ జీవితం, ఆవిడిష్టం."

మాట చక్కగా వచ్చింది, పుస్తకంలోంచి చదివినట్టు. కానీ పొయ్యి మీద మాడిన పాలు గీకడం మొదలుపెట్టి, మరక పోయాక కూడా గీకుతూనే ఉంది. ఎందుకో ఆమెకే తెలియలేదు.

ల్యాబులో ఆ రోజు ఏ పనీ సాగలేదు. పక్క బల్ల దగ్గర కూర్చునే స్థానికురాలు మంచి మనిషే, కానీ ఎక్కడో చదివినవీ ఎప్పుడో విన్నవీ కలిపి వండుతుంది. సంగతి వినగానే కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"మీ దగ్గర మొగుడు పోయిన ఆడవాళ్ళు గడప దాటరటగా? ఆవిడకెంత ధైర్యం! అయినా నీకు పండగే. మీ దగ్గర అత్తలు కోడళ్ళని రాచిరంపాన పెడతారటగా. పీడ విరగడైంది."

కోడలు నవ్వబోయింది. నవ్వు రాలేదు.

రాచిరంపాన పెట్టడం మాట అటుంచి, ఈ దేశంలో ఈ పనికి కావాల్సిన లైసెన్సు పరీక్ష తను తప్పినప్పుడు పక్కన కూర్చుని కొలతలూ నిష్పత్తులూ మళ్ళీ మొదటినుంచి చెప్పింది ఆ అత్తగారే. 'ఏడ్చేదేదో లెక్క పూర్తిచేసి ఏడువు' అనేది. కాలేజీలో ఉండగానే తల్లిని పోగొట్టుకున్న ఈ పిల్ల, పురిటి నొప్పుల్లో 'అమ్మా' అని అరిస్తే, 'ఇదిగో, ఇక్కడే ఉన్నా' అని పలికింది ఆవిడే. ఉప్పు ఎక్కువైందనీ, కిటికీ తెరిచావనీ, కిటికీ మూశావనీ ఇద్దరూ రోజుకోసారి పోట్లాడుకుంటారు. ఆ పోట్లాట లేకపోతే ఇద్దరికీ అన్నం సహించదు.

ఆలోచనలో పడి ఆమె చేతిలోని పింగాణీ పన్నుని అరగదీస్తూనే ఉంది. చూసుకునేసరికి అది పన్నులా లేదు, బియ్యపుగింజలా ఉంది. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది.

ఆ వారమంతా ఇల్లు ఉడికిపోయింది. అత్తగారు ఎప్పట్లాగే లేస్తోంది, పిల్లని తయారుచేస్తోంది, మంగళవారం లైబ్రరీకి వెళ్ళొచ్చింది. కొడుకు మాత్రం ఆవిడ ఉన్న గదిలోకి రాడు. ఒకవేళ వచ్చినా టీవీతో మాట్లాడతాడు. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి పచార్లు చేస్తాడు. కుర్చీలో కూర్చున్న రెండో నిమిషానికి లేస్తాడు. కోడలికీ కాలు నిలవడం లేదు. సర్దిన బీరువానే మళ్ళీ సర్దుతోంది, ఉతికిన బట్టలే మళ్ళీ ఉతుకుతోంది.

చివరికతను తన బలగాన్ని దింపుదామనుకున్నాడు. మేనమామకి ఫోను చేసి, భార్య కూడా వినాలని స్పీకరు పెట్టాడు. సంగతంతా చెప్పి, "నువ్వైనా గడ్డి పెట్టు మావయ్యా" అన్నాడు.



"కుర్రాడు మంచివాడేనా?" అన్నాడు మేనమామ.

"కుర్రాడేంటి మావయ్యా! ముసలాయన."

"అదేలేరా. మంచివాడైతే చేసుకోమను. ఎప్పుడో చెయ్యాల్సిన పని. మీ నాన్న పోయిన రెండేళ్ళకి మేమే ఓ సంబంధం తెచ్చాం. అందరం ఒప్పుకున్నాం. మీ అమ్మే కాదంది. పిల్లాడు బెంగ పెట్టుకుంటాడంది. నీకు తెలీదా ఇది?"

అతను ఫోను పెట్టేసి, హాల్లో రెండు చుట్లు తిరిగాడు.

"మావయ్య... మావయ్య మొదట్నించీ వేరు మనిషేలే" అన్నాడు చివరికి.

కోడలికి ఒళ్ళు మండింది. "మనవాళ్ళలో కూడా వేరేవాళ్ళున్నారన్నమాట! ఇంకెవరు మిగిలారండీ మీ లెక్కలో?"

"నన్నేం చెయ్యమంటావు? చప్పట్లు కొట్టనా? ఆయన పిల్లలు కొడుతూ ఉంటారు, వాళ్ళతో కలిసి కొట్టనా?"

ఆదివారం మధ్యాహ్నం అత్తగారు మనవరాలిని తీసుకుని కూరగాయలకి వెళ్ళిన సమయంలో గంట మోగింది. కోడలు తలుపు తీసింది. ఎదురుగా నలభై దాటిన ఒకావిడ. నవ్వబోయి మానేసింది. ఆ కాస్తలోనే కోడలి కళ్ళు అలవాటుకొద్దీ ఆవిడ పళ్ళ మీదికి పోయాయి. ముందుపళ్ళ అంచులు అరిగిపోయి ఉన్నాయి. మనసులో మాట మనసులోనే నొక్కిపెట్టి, నిద్రలో పళ్ళు కొరికేవాళ్ళకి అలా అరుగుతాయి.

"నేను... ట్రాము నడిపేవారే, ఆయన కూతుర్ని. అవతలి వీధిలో మందుల షాపు నాదే. లోపలికి రావచ్చా?"

కూర్చోమంటే సోఫా అంచున కూర్చుంది. ఇచ్చిన నీళ్ళ గ్లాసుని రెండు చేతులతో పట్టుకుంది.

"మీ సాయం కావాలి" అంది అతనితో. "మీవాళ్ళు కుటుంబమంటే ప్రాణం పెడతారని విన్నాను. మీలో ఇంటి పెద్దకొడుకు మాటంటే మాటేనట. తల్లయినా జవదాటదట. మీరొక్కసారి వద్దంటే ఆవిడ ఆగిపోతారు."

కోడలు చటుక్కున వంటింటి వైపు తిరిగింది, నవ్వు కనబడకుండా. అత్తగారు ఎవరి మాట జవదాటలేదో తను పెళ్ళయిన ఇన్నేళ్ళలో చూడలేదు.

అతను మాత్రం నిర్ఘాంతపోయాడు. "మీరు ఒప్పుకున్నారేమో అనుకున్నాను. ఇక్కడ ఇవన్నీ..."

"ఇవన్నీ?"

"మామూలే కదా."

ఆవిడ మొహం కందగడ్డయిపోయింది. "ఎవరన్నారండీ? మా మేనత్తలు ఫోనుల్లో ఒకటే ఏడుపులు. షాపుకొచ్చే ప్రతివాళ్ళూ మందుచీటీ ఇచ్చి, 'మీ నాన్న కులాసాగా ఉన్నాడటగా' అంటారు. తల ఎక్కడ పెట్టుకోను? మా అమ్మ గౌన్లు ఇంకా బీరువాలోనే ఉన్నాయి. మేమలాంటి మనుషులం కాము."

అచ్చం తన భర్త మాటలే. భాష మారింది, అంతే. కోడలు భర్త మొహంలోకి చూసింది. సిగ్గుపడతాడేమో అనుకుంది. అతను సిగ్గుపడలేదు సరికదా, వారం తర్వాత ఊపిరి పీల్చుకున్నట్టు ముందుకి వంగాడు.

"అయితే మనిద్దరం ఒక మాట మీద ఉందాం. మీరు మీ నాన్నగారిని కొన్నాళ్ళు మీ ఇంట్లో ఉంచుకోండి. నేను అమ్మ లైబ్రరీ మాన్పిస్తాను."

"నాన్న ఫోను నా దగ్గర పెట్టుకుంటాను. పాడైందని చెబుతాను."

"అమ్మని మా మావయ్య దగ్గరికి... లేదు, అక్కడికొద్దు. ఇంకెక్కడికైనా పంపిస్తాను, ఓ రెండు మూడు నెలలు."

"బాగుంది. దూరమైతే అదే చల్లారుతుంది."

"ఎవరు చల్లారాలి?"

వీధి తలుపు సరిగా పడలేదు. గుమ్మంలో అత్తగారు. ఒక చేతిలో కూరల సంచి, ఒక చేతిలో మనవరాలి చెయ్యి. సంచి నేలమీద పెట్టి, బుడంకాయని లోపలికి పంపింది. తర్వాత ఆ వచ్చినావిడ దగ్గరికెళ్ళి, పరీక్షగా చూసింది. ఇక్కడి భాషలో నెమ్మదిగా, ఒక్క తప్పు లేకుండా మాట్లాడింది.

"కూతురివి కదూ? ముక్కు ఆయనదే. మీ అమ్మ గౌన్ల మీద నా చెయ్యి పడదు తల్లీ. ఆ భయం పెట్టుకోకు."

ఆవిడ తల దించుకుంది. అత్తగారు కొడుకు వైపు తిరిగింది. ఇప్పుడు తెలుగులోకి దిగింది.

"ఏడో ఎక్కం తప్పు చెప్పినప్పుడు కూడా నీ మీద చెయ్యెత్తలేదు నేను. ఇవాళ చెయ్యి దురద పెడుతోంది. మీ పిల్లకాయలిద్దరూ కూర్చుని మమ్మల్ని ఎక్కడ దాచాలా అని చూస్తున్నారా? మేమేమన్నా లేచిపోయే ఈడులో ఉన్నామా? చెప్పి చేసుకుంటున్నాం కదరా! చెప్పడమే తప్పయిపోయిందా?"

"అది కాదమ్మా, రేపు నలుగురూ..."

"ఆ నలుగురి కోసమే ఇన్నేళ్ళు బతికాను. వాళ్ళెవరో ఇంతవరకూ వచ్చి కనపడలేదు."

ఆవిడ మొహం తిప్పుకుంది. ఏడుపు ఎవరికీ చూపించే మనిషి కాదు. గిరుక్కున తిరిగి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

 కోడలు ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వెనకాల పరిగెత్తింది.

వీధి చివర ట్రాము ఆగేచోట బల్ల మీద అత్తగారు కూర్చుని ఉంది. ట్రాము వచ్చింది. డ్రైవరు ఆవిడ వంక చూసి కాసేపు ఆగాడు. ఎక్కదని తేలాక వెళ్ళిపోయాడు. కోడలు వచ్చి పక్కన కూర్చుంది. చలికి భుజాలు దగ్గరికి ముడుచుకుంది.

"నువ్వెందుకొచ్చావు?" అంది అత్తగారు రోడ్డు వైపే చూస్తూ. "నీకేం అభ్యంతరం లేదుగా."

"అత్తయ్యా..."

"ఆవిడ జీవితం, ఆవిడిష్టం. మెట్లు దిగుతూ విన్నాను. వినగానే సంతోషించాలి కదా? ఎందుకో చివుక్కుమంది. అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేస్తామంటే, సరే మీ ఇష్టమండీ అన్నట్టుంది."

కోడలు ఏదో సర్దిచెబుదామని నోరు తెరిచింది. మాట బదులు వెక్కు వచ్చింది. ఇంకో వెక్కు. ఆపుకుందామన్నా ఆగలేదు.

"అబద్ధం అత్తయ్యా. నాకభ్యంతరం ఉంది. చాలా ఉంది. మీరెళ్ళిపోతే పొద్దున్నే ఇంట్లో ఎవరరుస్తారు? నేనెవరితో పోట్లాడాలి? మా అమ్మ పోయినప్పుడు... మళ్ళీ అలాంటి ఇల్లు చూడలేను నేను. పెద్ద మనసున్నదానిలా మాట్లాడాను గానీ నా మనసు అంత పెద్దది కాదు. మీరెళ్ళొద్దు."

అత్తగారు తిరిగి చూసింది. కళ్ళలో నీళ్ళు ఉబికాయి. నీళ్ళతోనే నవ్వు కూడా వచ్చేసింది.

"ఓసి పిచ్చిమొహమా! ఈ మాట చెప్పడానికి వారం పట్టిందా? వాడేమో మనవాళ్ళంటాడు. ఆ పిల్లేమో మా మనుషులంటుంది. అంత పెద్ద పెద్ద మాటలకి నేనేం జవాబు చెప్పను? నువ్వు లేకపోతే నాకు బెంగగా ఉంటుందని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు అనలేదే! నేనిక్కడ ఎవరికీ అక్కర్లేదేమో అనుకున్నాను."

"అక్కరుందని చెబితే ఆగిపోతారా?"

అత్తగారు కాస్త దగ్గరికి జరిగింది. తన కోటు విప్పి కోడలి భుజాల మీద కప్పింది.

"ఆగను" అంది. "అబద్ధం చెప్పను నీకు. ఆగను. కానీ ఏడుస్తూ వెళతాను. అది వేరు."

"ఆయనలో ఏముందత్తయ్యా?"

"ఏముంది? బట్టతల, వాగుడు. ఏ పనీ సమయానికి చెయ్యడు. నాకు ఒళ్ళు మండిపోతుంది." ఆవిడ కోడలి మెడ దగ్గర కోటు సరిచేసింది. "మీ ఇంట్లో నేను పెద్దదాన్ని. నన్ను బాగా చూసుకుంటారు. ఆయన పక్కన ఉన్నప్పుడు మాత్రం నేను ఎవరికీ పెద్దదాన్ని కాను. నవ్వొస్తే నవ్వుతాను, విసుగొస్తే లేచి వచ్చేస్తాను. అంతకంటే చెప్పడం రాదు నాకు. నువ్వే ఓసారి వచ్చి చూడు. ఆయనిల్లు ఎంత దూరమనుకున్నావు? ట్రామెక్కి కూర్చునేలోపు దిగాలి. పోట్లాడాలనిపిస్తే వచ్చేయ్. ఆదివారాలైతే నేనే వస్తాను, నీకు శ్రమ లేకుండా."

కోడలు ఏడుస్తూనే నవ్వింది. వచ్చిన ఇంకో ట్రామునీ ఇద్దరూ వెళ్ళనిచ్చారు. తర్వాత ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఇంటిదారి పట్టారు.

అతను పైకి వెళ్ళే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. లిఫ్టుల మనిషి, ఎప్పుడూ మెట్లెక్కడు. ఇప్పుడు మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, గోడకి తల ఆనించి కూర్చున్నాడు. తలుపు సందులోంచి లోపల ట్రామాయన కూతురు కనిపిస్తోంది. ఆవిడ ఇంకా సోఫా అంచునే ఉంది. బుడంకాయ ఆవిడ ఒళ్ళో తన బొమ్మల్ని ఒక్కొక్కటిగా తెచ్చి పేరుస్తోంది.

"అమ్మా" అన్నాడు తలెత్తకుండా. "నేను నిన్ను సరిగ్గా చూసుకోలేదా?"

అత్తగారు అతని పక్కన, కింది మెట్టు మీద కూర్చుంది.

"ఎవరన్నార్రా?"

"అందరూ అంటారు. కొడుకు సరిగ్గా చూసుకుంటే ఈ వయసులో ఇదేం పని అంటారు. నాన్న పోయినరోజు తాతయ్య నన్ను పక్కకి పిలిచి, ఇక అమ్మకి నువ్వే దిక్కురా అన్నాడు. అప్పట్నించీ నేను... ఇప్పుడు నువ్వు నన్ను ఆ పనిలోంచి తీసేస్తున్నట్టుంది."

"అంత పసివాడితో అనాల్సిన మాటా అది!" అత్తగారు అతని తల నిమిరింది. "ఇన్నాళ్ళూ అదా మోస్తున్నావు? చూసుకున్నావు నాన్నా. బాగా చూసుకున్నావు కాబట్టే నాకింకా ఇంత బతకాలని ఉంది. చూసుకోకపోతే ఎప్పుడో విసిగిపోయి మూలన కూర్చునేదాన్ని."

"మావయ్య చెప్పాడు. నా కోసమే అప్పుడు వద్దన్నావటగా."

"అవును. అప్పుడు నువ్వు బెంగ పెట్టుకునే వయసు. ఇప్పుడు కాదుగా."

"కాదని ఎవరు చెప్పారు?" అన్నాడతను.

అని, అంత మనిషీ తల్లి భుజం మీద తల పెట్టేసి బావురుమన్నాడు. కోడలు మూడు మెట్ల కింద నిలబడి చూసింది. ఇతనితో ఇన్నేళ్ళు కాపురం చేసింది, ఇతను ఏడవగా ఇదే మొదటిసారి చూడడం. వారం నుంచీ ఇతనితో వాదించినవన్నీ ఆమెకి గుర్తొచ్చాయి. ఒక్కటీ ఇతని దాకా ఎందుకు చేరలేదో ఇప్పుడర్థమైంది. దేశాల సంగతి మాట్లాడుకున్నారు ఇద్దరూ. ఇతని బాధ దేశానిది కాదు.

తలుపు దగ్గర అలికిడైంది. ట్రామాయన కూతురు వచ్చి నిలబడింది. మాటలేవీ అర్థంకాకపోయినా ఆవిడ కళ్ళు కూడా ఎర్రగా ఉన్నాయి.

"నేను మా నాన్న పక్కన ఒక్కసారీ అలా కూర్చోలేదు" అంది ఎవరితోనో తెలియనట్టు. "అరిచాను, అంతే."

తర్వాతి ఆదివారం అందరూ ట్రామాయన ఇంటికి భోజనానికి వెళ్ళారు. ఆయన మధ్యాహ్నం రమ్మన్నాడు, తీరా వెళ్ళేసరికి ఇంకా ఉల్లిపాయలు తరుగుతున్నాడు. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. కొడుకు బిగుసుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఒప్పుకున్నానని గానీ ఒప్పుకోలేదని గానీ ఇంతవరకూ అనలేదు.

"మీకు బీపీ ఉందా?" అన్నాడు ఉన్నట్టుండి.

"కొంచెం."

"గురక?"

ట్రామాయన పక్కనే ఉన్న తన కూతురి వంక భయంగా చూశాడు. "పెడతారు" అంది కూతురు నిర్దాక్షిణ్యంగా. ఆ వెంటనే అత్తగారి వైపు తిరిగి, "మీకు షుగరు ఎంతుంటుంది? ఏ మందులు వాడుతున్నారు?" అంది. పెద్దవాళ్ళిద్దరూ పెళ్ళిచూపుల్లో కూర్చున్న పిల్లల్లా ఒకరి వంక ఒకరు చూసుకున్నారు. కోడలు నవ్వు ఆపుకోలేక బుడంకాయ జడలు సర్దసాగింది.

అతను లేచి ఇల్లంతా కలియతిరిగాడు. పైగదికి వెళ్ళే చెక్కమెట్ల దగ్గర ఆగాడు. నిటారుగా, ఇరుకుగా ఉన్నాయి. రెయిలింగు పట్టుకుని ఊపాడు. అది కిర్రుమంటూ పక్కకి వాలింది.

"అమ్మకి ఎడమ మోకాలు సరిగ్గా వంగదు" అన్నాడు గట్టిగా. "ఇలాంటి దాన్ని పట్టుకుని ఎలా ఎక్కుతుంది? స్క్రూడ్రైవరుందా?"

ట్రామాయన కూతురు పనిముట్ల పెట్టె తెచ్చింది. "మా అమ్మ ఉన్నప్పట్నించీ ఇది ఇలాగే ఊగుతోంది. ఆవిడ చెప్పీ చెప్పీ విసిగిపోయింది" అంటూ మెట్టు మీద కూర్చుని, స్క్రూలు గుప్పిట్లో పట్టుకుని ఒక్కొక్కటే అందించసాగింది. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని పనిలో పడ్డారు.

ఇంతలో వంటింట్లోంచి ట్రామాయన అత్తగారిని పిలిచాడు. పేరు పెట్టి పిలిచాడు.

కోడలు ఉలిక్కిపడింది. తను అత్తయ్యా అంటుంది. కొడుకు అమ్మా అంటాడు. పిల్ల నానమ్మా అంటుంది. మావగారు పోయాక ఆవిడని ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఎవరున్నారు? ఆ ఇంటికి కోడలిగా వచ్చిన ఇన్నేళ్ళలో ఆ పేరు ఒక మనిషి నోట వినడం ఇదే మొదటిసారి. అదీ వంకరటింకరగా, సగం అక్షరాలు మింగేసి.

మెట్ల మీద స్క్రూడ్రైవరు చప్పుడు ఆగిపోయింది.

కోడలు భర్త వంక చూసింది. అతను రెయిలింగుని పట్టుకుని అలాగే ఉండిపోయాడు. వీపే కనిపిస్తోంది, మొహం కనిపించడం లేదు. అతనికి ఆ పేరు ఏ గొంతులో గుర్తుందో, ఏ ఇంట్లో గుర్తుందో ఆమెకి తెలుసు. 

"మధ్య అక్షరానికి ఒత్తుందండీ" అన్నాడతను వెనక్కి తిరక్కుండానే.  "ఒత్తి పలకాలి."

వంటింట్లో చప్పుడు ఆగింది. ట్రామాయన మళ్ళీ పిలిచాడు. ఒత్తు వచ్చింది గానీ వేరే అక్షరం మీద పడింది.

"కాదండీ. దాని తర్వాతది."

ఆయన ఇంకోసారి, చిన్నపిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు జాగ్రత్తగా, నెమ్మదిగా పిలిచాడు.

అత్తగారు చేతిలోని పళ్ళెం బల్ల మీద పెట్టింది. కొంగుతో కళ్ళొత్తుకుంది. కొడుకు మళ్ళీ స్క్రూ బిగించడం మొదలుపెట్టాడు.

"ఆఁ, వస్తున్నా" అని పలికింది అత్తగారు.